పిల్ల వెనక్కొస్తే తలుపు ఎవరు తీస్తారు?

(విజయవాడ సింగ్‌నగర్‌లో డ్వాక్రా సంఘాల మీటింగ్‌లో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండి. అక్కలు, పిన్నులు, వెనక నిలబడ్డ తమ్ముళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఆడవాళ్ళ మీటింగే కదా అని గుమ్మం దగ్గరే ఆగిపోవద్దు.

అమ్మాయిల్ని అమ్మేస్తారు అనగానే మనకి వ్యాన్‌లో వచ్చి నోరు మూసి ఎత్తుకెళ్ళేవాళ్ళే గుర్తొస్తారు. నాకు తెలిసినవాటిల్లో ఒక్కటీ అలా జరగలేదండి. తెలిసినావిడే వస్తుంది, వరసకి అత్తవుతుంది, మనింట్లోనే భోంచేస్తుంది, హైదరాబాద్‌లో బట్టల షాపులో పనుంది రూమ్ కూడా వాళ్ళే ఇస్తారు అంటుంది, అడ్వాన్స్ అని ఐదు వేలు చేతిలో పెడుతుంది. ఈమధ్య అయితే ఇన్‌స్టాలో పరిచయమైన అబ్బాయి, పెళ్ళి చేసుకుంటా అంటాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఇళ్ళల్లోకి వచ్చి ఫ్రిజ్జు, మంచాలు, కుట్టు మిషన్లు అన్నీ పోయాక మనలో ఎంతమంది వడ్డీకి తెచ్చుకున్నామో మనకే తెలుసు, అప్పున్న ఇల్లు ఏదో ఆరా తీసుకునే వస్తారండి వాళ్ళు.

ఒకింటి సంగతి చెప్తా. పేరు చెప్పను, వీధి చెప్పను, మీరు కూడా ఎవరబ్బా అని ఆరా తీయొద్దు. పిల్ల ఫోన్ స్విచాఫ్ వచ్చిన రోజే తల్లికి అనుమానం వచ్చింది. కంప్లైంట్ ఇచ్చింది మాత్రం తొమ్మిది రోజులకి. ఎందుకంటే స్టేషన్ మెట్లెక్కితే "లేచిపోయిందంట" అని మనమే అంటాం, ఇక చిన్నదానికి సంబంధాలు రావు అని భయం. మన విజయవాడ జంక్షన్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నైలో దిగొచ్చు, తొమ్మిది రోజుల్లో ఆ పిల్లని ఎన్ని చేతులు మార్చి ఉంటారు చెప్పండి. తీరా వెళ్తే ఒక స్టేషన్‌లో ఇది మా పరిధి కాదమ్మా అని పంపేశారు. అలా పంపకూడదండి, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే, కానీ ఏడుస్తూ ఒక్కతే వెళ్ళిన తల్లి ఆ మాట ఎక్కడ అడుగుతుంది, సంఘం నుంచి పదిమంది వెంట వెళ్తే అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఇంకొకటి, "ఇష్టపడే వెళ్ళిందిగా" అంటారు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చూడండి, మోసం చేసో ఆశ చూపించో తీసుకెళ్ళి వ్యభిచారంలోకి దింపితే, ఆ అమ్మాయి ఒప్పుకుందా లేదా అన్నది లెక్కే కాదు. పద్దెనిమిది నిండని పిల్లయితే పదేళ్ళకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష. 2012 పోక్సో చట్టం ప్రకారం చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, అంటే పక్కింటి గొడవ మనకెందుకు అనే మాట ఇక్కడ చెల్లదు.

ఆ పిల్ల దొరికిందండి. కొన్నాళ్ళు హోమ్‌లో ఉండి ఇంటికొచ్చింది. వచ్చాకే అసలు కష్టం మొదలైంది. ట్యాంకర్ దగ్గర బిందె పెడితే పక్కకి జరిగారు. పేరంటానికి తల్లిని పిలిచారు, దాన్ని పిలవలేదు. మూడు నెలలకి, పని ఇప్పిస్తానని దాన్ని తీసుకెళ్ళిన అత్తే మళ్ళీ ఫోన్ చేసి "అక్కడ నిన్నెవరూ బతకనివ్వరే, వచ్చెయ్" అంది. ఆవిడకి అంత ధైర్యం ఇచ్చింది ఎవరో కాదు, మనమే, నాకు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నిద్రపట్టదు.

మన వినుకొండలో పుట్టిన హేమలతా లవణం గారు, కవి జాషువా గారి అమ్మాయి, నాస్తికోద్యమం నడిపిన గోరా గారింటి కోడలు, నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం, అంటే దేవుడి పేరు మీద వదిలేసిన ఆడపిల్లల కోసం, ఎన్నో ఏళ్ళు తిరిగారు. 1988లో ఆ ఆచారాన్ని ఆపమని చట్టం కూడా వచ్చింది. కానీ నాకు ఎక్కువ గుర్తుండేది వర్నిలో వాళ్ళు పెట్టిన ఇంటి పేరు, చెల్లి నిలయం. ఊరంతా ఇంకేదో పేరుతో పిలిచే అమ్మాయిని చెల్లి అని పిలవడం. మనం కూడా అంతే, ఆ పిల్ల ఎదురైతే "ఏమ్మా తిన్నావా" అని అడగండి చాలు, ఏం జరిగిందని అడగొద్దు.

అలాగే అనుమానం ఉన్న ఇంటి మీదకి మనమే గుంపుగా వెళ్ళడం, వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టడం అస్సలు వద్దు. బాధితురాలి వివరాలు బయటపెడితే కేసు మన మీదే. పిల్లలైతే 1098, ఆడవాళ్ళకి 181, వెంటనే పోలీసులు కావాలంటే 112, రైల్వే స్టేషన్‌లోనో రైల్లోనో అయితే 139. ఏ టైమ్‌లో అయినా ఎత్తుతారు.

ఆడపిల్లల్ని పనికి పంపొద్దు అని నేననను, మన ఇళ్ళు ఎలా గడుస్తాయి. పంపే ముందు తీసుకెళ్ళే మనిషి ఆధార్ కాపీ, షాపు అడ్రస్, ఓనర్ నంబర్ తీసుకోండి, షాపుకి ఫోన్ చేసి మాట్లాడండి, రోజూ వీడియో కాల్ చేయమనండి, ఒకరోజు రాకపోతే ఆరోజే మాకు చెప్పండి. వీటికోసం ఒక నోట్‌బుక్ తెచ్చా, సంఘం లీడర్ దగ్గర బీరువాలో ఉంటుంది, వేరేవాళ్ళు చూడరు. మొదటి పేజీలో మా మేనకోడలిది రాశా, వచ్చే సోమవారం బెంగళూరు వెళ్తోంది. రెండో పేజీ ఎవరు రాస్తారో రండి, పెన్ను ఇక్కడే ఉంది.