చిటచిటమన్న రీలు

శ్రోతలకు నమస్కారం.

ఎక్కడో మెరుపు మెరిస్తే మన రేడియోలో చిటచిటమని శబ్దం వస్తుంది కదా, అలాంటి శబ్దమే ఒకసారి ఒక సినిమా రీల్లో పడింది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలింది. అక్కడ పనిచేస్తున్న మనుషులను చిత్రీకరించడానికి వ్లాదిమిర్ షెవ్‌చెంకో అనే డాక్యుమెంటరీ దర్శకుడు వెళ్లాడు. తీరా ఫిల్మ్ కడిగి చూస్తే బొమ్మ మీద తెల్లటి చుక్కలు, వెనక చిటచిట. ఫిల్మే నాసిరకం అనుకున్నారట మొదట. కాదు, రేడియేషన్ వచ్చి ఫిల్మ్ మీద తన గుర్తు తనే వేసిపోయింది. ఆ సినిమా విడుదల కాకముందే, 1987లో షెవ్‌చెంకో చనిపోయాడు. ఆయన వాడిన కెమెరాను కూడా మనిషిని పూడ్చినట్టు భూమిలో పూడ్చిపెట్టారు.

సినిమాల గురించి రేడియోలో చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. రేడియేషన్‌కు రంగు లేదు, వాసన లేదు, పట్టుకుంటే చేతికి తగలదు. అలాంటి దాన్ని కెమెరా మాత్రం ఏం చూపిస్తుంది? అందుకే చాలామంది దర్శకులు జబ్బుపడ్డ పిల్లల ముఖాల మీద కెమెరా పెట్టి కూర్చుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. చూసినవాళ్లు అయ్యో అంటారు, ఇంటికి పోతారు.

శ్రీప్రకాశ్ 1999లో తీసిన ‘బుద్ధా వీప్స్ ఇన్ జాదూగోడా’ వేరు. 1974లో మన దేశం చేసిన తొలి అణు పరీక్షకు ‘నవ్వుతున్న బుద్ధుడు’ అని పేరు. ఆ బుద్ధుడే జార్ఖండ్‌లోని యురేనియం గని ఊళ్లో ఏడుస్తున్నాడని ఈ సినిమా పేరు చెబుతోంది. గని వ్యర్థాలు నింపిన చెరువుల పక్కనే ఆదివాసుల బతుకు. కరెంటు దీపం వెలిగేది ఎక్కడో, దుమ్ము మేసేది ఎక్కడో.

ఫిన్‌లాండ్‌లో వాడేసిన అణు ఇంధనాన్ని దాచడానికి బండరాయిలో నాలుగు వందల మీటర్లకు పైగా లోతున ‘ఓంకలో’ అనే సొరంగం తవ్వారు. దాని మీద 2010లో వచ్చిన ‘ఇన్‌టు ఎటర్నిటీ’ అనే సినిమా ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంటుంది. ఆ ఇంధనాన్ని లక్ష ఏళ్లు ఎవరూ కదపకూడదు. ఇక్కడ తవ్వొద్దని అప్పటి మనుషులకు ఏ భాషలో రాసిపెట్టాలి? అది చూస్తుంటే నాకు మన కలమళ్ళ శాసనం గుర్తొచ్చింది. రేనాటి చోళులు మన కడప సీమలో వేయించిన తొలి తెలుగు శాసనం. దానికి పట్టుమని పదిహేను వందల ఏళ్లు కూడా లేవు. మన భాషే, మన మట్టే. అయినా పండితులు వచ్చి విప్పి చెబితే తప్ప మనకు అక్షరం అర్థం కాదు.

కడప దాకా వచ్చాం కాబట్టి తుమ్మలపల్లె సంగతీ చెప్పుకోవాలి. పులివెందుల దగ్గరున్న ఈ గనిలో వెయ్యి కిలోల రాయి తవ్వితే యురేనియం అరకిలో కూడా రాదు. మిగిలినదంతా పొడిగా, నీళ్లుగా వ్యర్థాల చెరువులోకే పోతుంది. రాయిలో ఉన్న రేడియం, అదీ రేడియేషన్ వెదజల్లేదే, చాలావరకు ఆ పొడిలోనే ఉండిపోతుంది. అది సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది.

ఆ మధ్య అటువైపు ఒక పల్లెకు పోయాను. అరటి రైతు ఒకాయన డ్రిప్పు పైపు పీకి చూపించాడు. రంధ్రాల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుపోయింది. గోటితో గీకితే పెచ్చు ఊడి వచ్చింది. “గెల ఏస్తాది గానీ కాయ ఊరదు సామీ” అన్నాడు. ఆ చెరువు నీళ్లే భూమిలోకి దిగుతున్నాయని ఆయన నమ్మకం. మా వల్ల కాదని గనివాళ్ల మాట. రాయలసీమ బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడ్ ముందునుంచీ ఉన్నవే కాబట్టి పెచ్చు చూసి తీర్పు చెప్పలేం. కెమెరా కూడా చెప్పలేదు. గని రాకముందు ఆ బోరు నీళ్లు ఎలా ఉండేవో తెలిపే కాగితం ఒకటుంటే దాన్ని దగ్గరగా చూపిస్తే చాలు, సగం సినిమా అక్కడే అయిపోతుంది.

అదే అడిగాను. ఆయన లోపలికి పోయి వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి ఒక పాలిథిన్ కవర్ తెచ్చాడు. బ్యాంకు రసీదులు, ఎరువుల బిల్లులు, ఈ మధ్య చేయించిన నీటి పరీక్ష చీటీలు రెండు. పాతది మాత్రం లేదు.

“అప్పుడు నీళ్లు బాగున్న్యాయి సామీ. బాగున్న నీళ్లను ఎవురు పరీక్ష చేపిస్తారు?” అన్నాడు.

నేను ఇంకేమీ అడగలేకపోయాను. ఇంతలో ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చెంబులోకి తొంగి చూడడం గమనించినట్టుంది, “క్యాను నీళ్లేలే నాయనా, తాగు” అంది.

నమస్కారం.