మొలవడం వేరు, బతకడం వేరు

అందరికీ నమస్కారం.

మిద్దె తోట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా మిద్దె మీద చచ్చిపోయిన మొక్కతో మొదలుపెడతాను. దాని పేరు హోస్టా. మీలో చాలామంది చూసి ఉండరు. జపాన్, కొరియా, చైనా అడవుల నీడలో పెరిగే దుబ్బు మొక్క. హోస్ట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త పేరు మీద 1812లో దానికి ఆ పేరు పెట్టారు. పూలు పూస్తుంది గానీ పెంచేవాళ్ళు పెంచేది ఆకుల కోసమే. పెద్ద రకాల ఆకు ఒక్కటి చాలు, మన అరటాకు ముక్కకు బదులు టిఫిను వడ్డించుకోవచ్చు.

ఫోనులో నీలి రంగు ఆకుల బొమ్మ చూసి మనసు పారేసుకున్నాను. ఇరవై గింజల పొట్లం తెప్పించాను. ఆ నీలం ఆకుపచ్చ మీద పట్టిన మైనపు పూత మాత్రమేనని, వేడికి కరిగిపోతుందని అప్పటికి నాకు తెలియదు. రోహిణీ కార్తెలో మన మిద్దె మీద మైనం సంగతి మీకు చెప్పాలా!

పొట్లం విప్పి తెల్ల కాగితం మీద పోశాను. నల్లటి గింజలు. ఒక్కోదానికి పలచని రెక్క, ఆ రెక్క మొదట్లో చిన్న ఉబ్బు. ప్రాణం ఆ ఉబ్బులోనే ఉంటుంది. వేలి కొసతో నొక్కి చూస్తే ఉబ్బు తగలాలి. తగలకపోతే అది తాలు. వరి పండించే ఊళ్ళో తాలంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు. నా ఇరవైలో ఆరు తాలు గింజలు. మిగిలిన పద్నాలుగు చల్లితే పదో రోజుకల్లా పదకొండు మొలిచాయి.

అక్కడే మోసపోయాను. హోస్టా గింజ మొలవడానికి చలి అక్కర్లేదు, మన గది వేడి చాలు. కానీ మొక్క ఏళ్ళ తరబడి బతకాలంటే ఏటా శీతాకాలంలో ఆకులన్నీ రాల్చేసి, వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోవాలి. నెల్లూరులో సంక్రాంతి నాటికి కూడా రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. నిద్ర లేని మనిషి ఎలా చిక్కిపోతాడో ఆ మొక్కలూ అలాగే చిక్కిపోయాయి. ఒక్కో కొత్త ఆకు ముందుదానికంటే చిన్నదిగా వచ్చింది. చివరి ఆకు నా బొటనవేలి గోరంత. రెండో వేసవి దాటలేదు.

డబ్బు పోయినా ఒక విషయం నేర్చుకున్నాను. హోస్టా గింజ తల్లిని పోలదు. ముఖ్యంగా ఆకు మీద తెల్ల చారలు, పచ్చ అంచులు. ఆకుకు రంగునిచ్చే కణభాగాలు గింజకు తల్లి నుంచే అందుతాయి, పుప్పొడి నుంచి కాదు. అదీ తల్లి ఆకు నడుమున ఉన్న రంగే. అందుకని తెల్ల అంచు, పచ్చటి నడుము ఉన్న మొక్క గింజలు చల్లితే మామూలు పచ్చ మొక్కలే వస్తాయి. నడుము తెల్లగా ఉన్న మొక్క గింజలు తెల్లగానే మొలిచి, ఎండ నుంచి తిండి చేసుకోలేక నాలుగు రోజుల్లో చచ్చిపోతాయి. చారల పిల్లలు కావాలంటే ఆకంతా గజిబిజిగా చారలున్న తల్లిని వెతుక్కోవాలి.

మనకిది కొత్తేమీ కాదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి కాయదు. గూడూరు, పొదలకూరు నిమ్మ రైతులు మాత్రం నవ్వుతారు, ఎందుకంటే నిమ్మ గింజ తల్లినే పోలుతుంది. ఒక్కో నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పని లేకుండా తల్లి కణాల నుంచే పుడతాయి. నిమ్మ చేసే ఈ పని హోస్టా చేయదు. ఇప్పుడు చెప్పబోయే అడీనియం కూడా చేయదు.

అడీనియం, అదే ఎడారి గులాబి. యెమెన్‌లోని ఏడెన్ రేవు పేరు మీద వచ్చిన పేరది. అరేబియా, ఆఫ్రికా ఎండల్లో పుట్టింది కాబట్టి మన ఎండ దానికి పుట్టింటి ఎండే. గన్నేరు కుటుంబం. పాలు విషం, కోసినప్పుడు చేతులు కడుక్కోండి, పసిపిల్లలకు అందనివ్వకండి. కొమ్మ నాటినా బతుకుతుంది గానీ కుండలా ఉబ్బిన ఆ మొదలు ఉందే, అది గింజ నుంచి వచ్చిన మొక్కకే అందంగా వస్తుంది.

కాయలు మేక కొమ్ముల్లా జంటగా వస్తాయి. ముదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదటిసారి నా మొక్కకు కాయ గోధుమ రంగుకు తిరిగితే, పొద్దున్నే కోద్దాంలే అనుకున్నాను. తెల్లారేసరికి కాయ నిలువునా విచ్చుకుని ఉంది. లోపల ఒక్క గింజ లేదు. పుల్లముక్కలా సన్నగా ఉండే ఆ గింజకు రెండు చివరలా జిల్లేడు దూది లాంటి కుచ్చులుంటాయి. గాలి తగిలితే ఇక మనది కాదు. పక్కింటి వాళ్ళ బట్టల తీగ మీద రెండు దొరికాయి, అంతే. ఇప్పుడు కాయ ముదిరే ముందే పాత దోమతెర ముక్క చుట్టి దారంతో కట్టేస్తున్నాను.

చల్లడం ఫిబ్రవరి, మార్చిలో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. మన జిల్లాకు వానలో ఎక్కువ భాగం అప్పుడే, వాయుగుండం పట్టిందంటే నారు కుళ్ళిపోతుంది. కడిగిన గరుకు ఇసుక, నల్లగా కాల్చిన ఊక, కొబ్బరి పొట్టు కలపండి. ఊకకు మన ఊళ్ళో కరువేమిటి! కుచ్చులు తుంచి గింజను పడుకోబెట్టి, గింజ మందాన మట్టి కప్పండి. తాజా గింజైతే వారం లోపే మొలుస్తుంది. మొలకకు అప్పుడే చిన్న బొజ్జ ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోయాలని చేయి దురద పెడుతుంది, ఆపుకోండి.

ఏడాది దాటితే పూత మొదలవుతుంది. నా దగ్గర ముదురు ఎరుపు పూల తల్లికి పదిహేను పిల్లలు పెరిగాయి. వాటిలో తల్లి రంగు వచ్చినవి నాలుగే. ఒకదానికి రేకు అంచున మాత్రం ఎరుపు, లోపలంతా తెలుపు. తండ్రి ఎవరో నాకు తెలియదు. ఒంగోలు గిత్తను కొనేవాడు తండ్రి పేరు కూడా అడుగుతాడు, నేను అడగలేదు. అయినా ఆ మొక్కను ఎవరికీ ఇవ్వను.

గింజలు మాత్రం ఇస్తాను. వెనక బల్ల మీద పొట్లాలున్నాయి, తలా ఐదు గింజలు. ఇంటికి వెళ్ళాక విప్పండి. విప్పేముందు ఫ్యాను ఆపండి.