సలేశ్వరం: దిగడం కాదు, ఎక్కడమే అసలు సంగతి

శ్రోతలకు నమస్కారం. చైత్ర పౌర్ణమి దగ్గరపడితే హైదరాబాదు నుంచి సలేశ్వరం ప్రయాణాలు మొదలవుతాయి. నల్లమల లోతట్టు లోయలో జలధార, గుహలో లింగమయ్య, పూజారులు చెంచులు.

ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. దారిలో తగిలే ఫర్హాబాద్ ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన చోటు. ఇప్పుడు పులులకు అలజడి లేకుండా, చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో తప్ప జనాన్ని సలేశ్వరానికి వదలరు. తేదీలు, వేళలు అటవీ శాఖ ఏటా ప్రకటిస్తుంది. అవి కనుక్కోకుండా బండి తీయకండి.

అడవి మొదట్లో వచ్చే మన్ననూరు చెక్‌పోస్టు మామూలుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. తెల్లవారుజామున 3 గంటలకు ఇల్లు కదిలితే గేటు తీసే వేళకు అందుకోవచ్చు. బండ్లు ఆగాక నాలుగైదు కిలోమీటర్లు నడక.

"వస్తున్నాం లింగమయ్యా" అంటూ దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. నడినెత్తిన ఎండ, కాగిన బండలు, కాళ్ల కింద జారే రాళ్లు. మనిషికి 3 లీటర్ల నీళ్లు పట్టుకుంటే, అందులో 2 లీటర్లు ఎక్కడానికే దాచండి. చాలామంది కిందికి చేరేసరికే సీసా ఖాళీ చేస్తారు, సగం ఎక్కాక కళ్లు తిరిగి కూలబడతారు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఒట్టి నీళ్లు చాలవు. లీటరుకు కలిపే ఓఆర్‌ఎస్ పొట్లం పూర్తిగా లీటరులోనే కలపండి. గ్లాసులో సగం పొట్లం వేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. అట్టపెట్టెలో అమ్మే తియ్యటి పానీయాలన్నీ ఓఆర్‌ఎస్ కావు, పేరు చూసి మోసపోకండి.

జలధార పడే గుండం దగ్గర రాళ్లు పాచి పట్టి ఉంటాయి. అరిగిన చెప్పులు అక్కడ నిలవవు, గాడులున్న బూట్లు కావాలి. లోయ సన్నం, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే దారిలో. తోపులాట మొదలైతే బండవైపు ఒదిగి నిలబడండి, అంచువైపు కాదు.

నిలువు బండలకు కొండ తేనెటీగలు పడతాయి. పొగ, అత్తరు వాసన వాటిని రెచ్చగొడతాయి. అవి లేస్తే చేతులు విసరకుండా, ముఖానికి తువ్వాలు కప్పుకుని, ఆగకుండా వీలైనంత త్వరగా దూరం వెళ్లండి. నీళ్లలో మునిగితే లాభం లేదు, పైకి లేచేదాకా అక్కడే తిరుగుతుంటాయి. ఇక బీడీ మాటే వద్దు, ఆ రోజుల్లో ఎండుటాకు నిప్పురవ్వకే అంటుకుంటుంది.

గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు లోయలోకి దిగకండి. కింద ఏమైనా అయితే బండి రాదు, నలుగురు భుజాన మోసుకుని రావాల్సిందే.