ఎగతాళికి వెళ్లినవాడు కట్టించిన హాలు

శ్రోతలకు నమస్కారం.

వెనక బెంచీలో కూర్చుని ఈలలు వేస్తూ, వేదిక మీదున్నవాణ్ణి ఏడిపించే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. అమెరికాలో టెనెసీ రాష్ట్రానికి రాజధాని నాష్‌విల్. 1885లో ఆ ఊళ్లో అలాంటి ఆసామి ఒకడు ఉండేవాడు. పేరు థామస్ రైమన్. కంబర్లాండ్ నది మీద స్టీమర్లు నడిపేవాడు, మద్యం దుకాణాలు కూడా ఉండేవి. ఆ ఏడాది సామ్ జోన్స్ అనే మతబోధకుడు వచ్చి ఊళ్లో గుడారం వేశాడు. తాగుడు మానండి అని చెప్పేవాడంటే మద్యం అమ్ముకునేవాడికి ఒళ్లు మండదూ? రైమన్ గారు ఆ బోధకుణ్ణి నవ్వులపాలు చేద్దామని వెళ్లారు. చివరికి ఆయన మాటలకే పడిపోయి ఇంటికొచ్చారు. ఇంత గొప్పగా మాట్లాడేవాడు గుడారం కింద నిలబడ్డమేమిటని పట్టుబట్టి, ఏళ్ల తరబడి చందాలు పోగుచేసి, 1892 నాటికి దాదాపు లక్ష డాలర్ల ఖర్చుతో ఎర్ర ఇటుకల ప్రార్థనాలయం ఒకటి లేపారు. తన దగ్గరున్న మద్యమంతా నదిలో పారబోశారని కూడా అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కథ బాగుంది గాని, నేను నమ్మను.

ఆ ప్రార్థనాలయమే ఇవాళ రైమన్ ఆడిటోరియం. ఏడాది పొడుగునా ఒకరోజు సంగీత కచేరీ, మరోరోజు హాస్య ప్రదర్శన, కొన్ని రాత్రులు రెండూ కలిసి. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మన శ్రోతల్లో చాలామందే ఉంటారు. నయాగరా చూసి, మాల్స్ తిరిగి, మూడో నెల వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చునేవాళ్ల కోసమే ఈ ప్రసంగం అనుకోండి.

మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది. అక్కణ్ణించి నాష్‌విల్‌కి కారులో సుమారు నాలుగు గంటలు. దారిలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, కాలమండలం మారుతుంది గనక. ఆ గంట లాభం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. హాల్లోకి అడుగుపెట్టగానే మా ఆవిడ చెవిలో అంది: "ఏమండీ, ఇది చర్చిలా ఉందే! చెప్పులు విప్పాలేమో?" నిజమే, చూపులకి చర్చే. పొడుగాటి కిటికీలు, రంగురంగుల అద్దాలు. కుర్చీలు లేవు, ఒంపు తిరిగిన చెక్క బల్లలు. ఇద్దరి మధ్య చెయ్యి పెట్టుకునే కొయ్య కూడా ఉండదు. 2,362 మంది పట్టే హాల్లో అందరూ భుజం భుజం ఆనించి కూర్చోవలసిందే. మొదట్లో ఇబ్బందనిపించింది. మొదటి జోకు పేలాక సంగతి అర్థమైంది. పక్కవాడు నవ్వితే బల్ల కదులుతుంది. బల్ల కదిలితే మనకూ నవ్వొస్తుంది. మెత్తటి కుర్చీల హాల్లో ఎవరి నవ్వు వాళ్లది.

సామ్ జోన్స్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన గంభీరమైన బోధకుడు కాడు. పల్లెటూరి మాటలతో, వెక్కిరింపులతో జనాన్ని కడుపుబ్బ నవ్వించి, ఆ నవ్వులోంచే మందలించేవాడు. మన హరిదాసుగారు కథ మధ్యలో పిట్టకథ ఎత్తుకుని, జనం నవ్వుతుండగానే చిడతలు మోగించి కీర్తనలోకి వెళ్లిపోతారే, ఆ పద్ధతి అనుకోండి. అందుకే ఆ హాలుకి హాస్యం తర్వాత వచ్చిన చుట్టం కాదని నేనంటాను, పునాదిలోనే ఉంది. 1904 డిసెంబరులో రైమన్ చనిపోతే, అంత్యక్రియల సభలో ఈ భవనానికి ఆయన పేరు పెడదామని అడిగినవాడు కూడా ఆ జోన్సే.

కట్టడం ఖరీదైంది, అప్పు మిగిలింది. దాంతో పాటకీ నాటకానికీ ఉపన్యాసానికీ అద్దెకివ్వడం మొదలైంది. ఆ అద్దెల వ్యవహారం దశాబ్దాల పాటు నడిపినావిడ లూలా నాఫ్. భర్త పోయి, టైపు పని చేసుకుంటూ అక్కడికి చేరిన మనిషి. ఆడమనిషితో బేరమేమిటనే కాలం గనక ఉత్తరాల మీద ఎల్.సి. నాఫ్ అని మాత్రమే సంతకం చేసేవారట. ఇటలీ గాయకుడు కరూసోని, సంకెళ్లు విప్పుకునే హూడినీని, ఊరి కబుర్లతో నవ్వించే విల్ రోజర్స్‌ని ఆ వేదిక మీదికి తెచ్చింది ఆవిడే. ఆ హాల్లో మొట్టమొదట టికెట్లన్నీ అమ్ముడైపోయిన కార్యక్రమం ఏదో తెలుసా? 1913లో హెలెన్ కెల్లర్, ఆమె గురువు ఆనీ సలివన్ కలిసి ఇచ్చిన ఉపన్యాసం. చూపూ వినికిడీ లేని మనిషి మాట కోసం హాలు నిండింది.

ఇక రేడియో దగ్గరికి వద్దాం. రేడియోలో మాట్లాడుతూ రేడియో గొప్ప చెప్పుకోకపోతే ఎలా?

నాష్‌విల్‌లో ఒక బీమా కంపెనీ 1925లో డబ్ల్యు.ఎస్.ఎం. అనే స్టేషను పెట్టింది. ఆ ఏడాది నవంబరు 28 శనివారం రాత్రి జిమ్మీ థాంప్సన్ అనే 77 ఏళ్ల ముసలాయన మైకు ముందు కూర్చుని ఫిడేలు వాయించాడు. శనివారం రాత్రుళ్ల పల్లెపాటల కార్యక్రమానికి మొదలు అదీ. రెండేళ్లకి, 1927లో, ఆ కార్యక్రమానికి పేరొచ్చింది. ముందు గంటంతా పెద్దపెద్ద ఆపెరా సంగీతం ప్రసారమైంది. అది అవగానే డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు మౌత్ ఆర్గాన్ మీద రైలు పరుగెత్తడం వినిపించాడు. కూత, చక్రాల చప్పుడు, మలుపు, అన్నీ ఆ చిన్న వాయిద్యంలోనే. మన ధ్వన్యనుకరణ కళాకారులు వింటే లేచి దణ్ణం పెడతారు. అప్పుడు వ్యాఖ్యాత జార్జ్ హే నవ్వుతూ, ఇందాకటిదాకా విన్నది గ్రాండ్ ఆపెరా, ఇక వినబోయేది గ్రాండ్ ఓల్ ఆప్రీ అన్నాడు. పల్లెటూరి యాసలో అలా వంకర తిప్పిన మాటే పేరుగా నిలిచిపోయింది. ఆ పేరు పుట్టడానికి కారణమైన బెయిలీని మాత్రం 1941లో కార్యక్రమం నుంచి తీసేశారు. కంట్రీ సంగీతమని పిలిచే ఆ పల్లెపాటలవాళ్ల గౌరవ మందిరంలో ఆయన పేరు చేరింది 2005లో, ఆయన పోయిన ఇరవైమూడేళ్లకి. ఈ ముక్క దాటేసి ఆ హాలు గొప్ప చెప్పడం నాకిష్టం లేదు.

1943 జూన్‌లో ఆప్రీ రైమన్‌కి వచ్చింది. అప్పటినుంచి 1974 మార్చి దాకా ప్రతి శనివారం అక్కడే. శబ్దం అద్భుతంగా పలికేది, సౌకర్యం శూన్యం. ఏసీ లేదు, ఎండాకాలం రాత్రుల్లో హాలంతా విసనకర్రలు ఊగుతూ ఉండేవి. వేదిక వెనక గదులు చాలవు. గాయకులు పక్క సందు దాటి ఎదురుగా ఉన్న టూట్సీస్ అనే బారులో కూర్చుని, తమ వంతు రాగానే పరుగెత్తుకొచ్చేవాళ్లు. 1949 జూన్‌లో హ్యాంక్ విలియమ్స్ అనే కుర్రాడు మొదటిసారి పాడితే ఆరుసార్లు వన్స్‌మోర్ అయిందని చెబుతారు. ఈ వన్స్‌మోర్ మనకు కొత్త కాదు. పద్యనాటకంలో చితి మీద పడుకున్న పాత్రని లేపి మరీ పద్యం మళ్లీ పాడించుకున్న జాతి మనది. నాలుగేళ్ల ముందు, 1945లో, బిల్ మన్రో బృందంలో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో బాంజో మీటుతూ ఆ వేదికెక్కాడు. బ్లూగ్రాస్ అనే బాణీ పుట్టిన చోటు ఇదే అని అక్కడివాళ్లు గోడకి ఫలకం కొట్టుకున్నారు.

పాటలవాళ్ల పేర్లు అందరూ చెబుతారు. నాకు నచ్చిన మనిషి వేరే. మిన్నీ పెర్ల్. అసలు పేరు సేరా కాలీ, పెళ్లయ్యాక కానన్. కలవారి పిల్ల, నాష్‌విల్‌లో పెద్దింటి ఆడపిల్లలు చదివే కాలేజీలో నాటకకళ చదివింది. తర్వాత ఊరూరా తిరిగి పల్లెటూళ్లలో నాటకాలు నేర్పించే ఉద్యోగం చేసింది. అలాబామా కొండల్లో ఒక ముసలమ్మ ఇంట్లో బస చేసినప్పుడు ఆవిడ మాట తీరు విని, ఆ యాస పట్టుకుంది. దాన్నుంచే మిన్నీ పెర్ల్ పాత్ర పుట్టింది. 1940లో ఆప్రీలో చేరి యాభై ఏళ్లు అదే వేషం. పువ్వుల టోపీ, ఆ టోపీకి వేలాడుతూ దుకాణంవాడి ధర చీటీ, 1.98 డాలర్లు. కొత్త టోపీ కొన్న ఆనందంలో చీటీ తియ్యడం మర్చిపోయిందన్నమాట. రాగానే గొంతు చించుకుని "హౌ...డీ!" అని పలకరించేది. హాలంతా ఒక్క గొంతుతో తిరిగి పలికేది. ఆ తర్వాత చెప్పేవన్నీ తన మీద, తనకు దొరకని పెళ్లికొడుకు మీద, తన ఊరి చుట్టాల మీద.

ఆవిడ పని ఏమిటో ఆలోచించండి. ఒక బృందం దిగి మరో బృందం ఎక్కుతోంది. వెనక తీగలు లాగుతున్నారు, ఫిడేలు శ్రుతి చేస్తున్నారు. ప్రసారం ఆగడానికి వీల్లేదు. ఆ రెండు మూడు నిమిషాలు హాల్లో ఉన్న వేల చెవుల్నీ, రేడియో దగ్గరున్న లక్షల చెవుల్నీ పట్టి ఉంచాలి. మన బుర్రకథలో కథకుడు ఊపిరి తీసుకునే సందులో హాస్యం చెప్పే వంత అందుకుంటాడు చూడండి, అలాగ. పాట ఆగితే నవ్వు, నవ్వు తగ్గితే పాట. వినేవాడికి కుట్టు కనిపించదు.

శబ్దం సంగతి చూసినా పాటకీ జోకుకీ పడదు. పాట గోడలకి తగిలి కాసేపు గాల్లో నిలవాలి. జోకు అలా నిలిస్తే చివరి మాట ముందు మాటలో కలిసిపోయి చస్తుంది. రైమన్‌లో చెక్క నేల, చెక్క బల్లలు గొంతుకి ఒక వెచ్చదనం ఇస్తాయి. హాలు నిండితే మనుషుల ఒళ్లు మిగతా ప్రతిధ్వని పీల్చేస్తుంది. పైన 1897లో కట్టిన బాల్కనీ ముందుకి వాలి వచ్చి, వేదిక మీదున్నవాడికి జనం మీదపడుతున్నట్టే ఉంటుంది. అంటే టికెట్లు అమ్ముడైతేనే అక్కడ హాస్యం పండుతుంది. సగం ఖాళీ హాల్లో ఎంతటివాడైనా తేలిపోతాడు.

1974లో ఆప్రీని ఊరి అవతల కొత్త భవనానికి మార్చారు. రైమన్ వేదిక నుంచి ఆరడుగుల ఓక్ చెక్కని గుండ్రంగా కోసి కొత్త వేదిక నడుమ పొదిగారు. ప్రారంభానికి అధ్యక్షుడు నిక్సన్ వచ్చి పియానో వాయించారు. ఇక పాత హాలుని పడగొట్టి, ఆ ఇటుకలతో తమ వినోద పార్కులో చిన్న ప్రార్థనామందిరం కడతామన్నారు యజమానులు. ఊరూ దేశమూ గోల పెడితే కూల్చలేదు, అలాగని బాగుచెయ్యనూ లేదు. 1991లో ఎమ్మీలూ హారిస్ అనే గాయని అక్కడ కచేరీ రికార్డు చేసినప్పుడు బాల్కనీ ఎక్కడానికీ, దాని కింద కూర్చోవడానికీ వీల్లేదన్నారు. రాత్రికి రెండువందల మంది మాత్రం విన్నారు. ఆ రికార్డు విన్నాక జనానికి హాలు గుర్తొచ్చింది. మరమ్మతులు చేసి, ఈసారి ఏసీ కూడా పెట్టి, 1994లో తలుపులు తెరిచారు. 2010 మేలో వరదొచ్చి కొత్త ఆప్రీ భవనం మునిగితే, కార్యక్రమం కొన్ని రాత్రులు ఈ పాత గూట్లోనూ వచ్చి తలదాచుకుంది.

ఇప్పుడు వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. ఏప్రిల్‌లో ఊళ్లో హాస్యోత్సవం జరుగుతుంది, పేరున్నవాళ్లు రైమన్‌లోనే ఆడతారు, కొందరు ఒకే రాత్రి రెండు ఆటలు. వేసవిలో కొన్ని గురువారాలు బ్లూగ్రాస్ కచేరీలు. డిసెంబరులో విన్స్ గిల్, ఏమీ గ్రాంట్ దంపతుల క్రిస్మస్ పాటలు, చాలా రాత్రులు వరసగా. చలికాలంలో కొన్ని వారాలు ఆప్రీ పాత ఇంటికొస్తుంది. అన్నిటిలో నా ఓటు దీనికే. ఒక్కొక్కరూ రెండు మూడు పాటలు పాడి దిగిపోతారు, మధ్యలో ఒక హాస్యగాడు, ఒక వ్యాఖ్యాత, రేడియో ప్రకటనలు. ఒక పాట నచ్చకపోతే పది నిమిషాల్లో మరొకరు.

టికెట్టు హాలువాళ్ల దగ్గరే కొనండి. తిరిగి అమ్మేవాళ్ల దగ్గర ధర ఎక్కడికి పోతుందో చెప్పలేం. కింద వెనక వరసల్లో స్తంభాలు అడ్డొస్తాయి. బాల్కనీ ముందు వరస దొరికితే వదలొద్దు. నడుము నొప్పి ఉన్నవాళ్లు చిన్న దిండు సంగతి ముందే అడిగి కనుక్కోండి. కొంతమంది హాస్యగాళ్లు గుమ్మం దగ్గరే ఫోన్లు సంచిలో పెట్టించి తాళం వేయిస్తారు. మా అల్లుడు ఆ రెండు గంటలూ ఖాళీ జేబు తడుముకుంటూనే ఉన్నాడు. యాస అర్థం కాదేమోనని భయపడకండి. మా ఆవిడకి సగం మాటలు తెలియలేదు. పక్కనున్న పెద్దావిడ నవ్వినప్పుడల్లా బల్ల ఊగింది, ఈవిడా నవ్వింది. బయటికొచ్చేటప్పుడు ఇద్దరూ చేతులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు, ఏ భాషలోనో నేనడగలేదు.

అంత దూరం వెళ్లలేనివాళ్లకి కూడా ఒక దారుంది. డబ్ల్యు.ఎస్.ఎం. ఇప్పటికీ 650 కిలోహెర్ట్జ్ మీద పలుకుతోంది, ఇంటర్నెట్టులోనూ వస్తుంది. అక్కడ శనివారం రాత్రి ఏడంటే మనకి ఆదివారం తెల్లవారి అయిదున్నర, వాళ్ల చలికాలంలో అయితే ఆరున్నర. పాలవాడు బెల్లు కొట్టే వేళ. కాఫీ పెట్టుకునేటప్పుడు ఫోను పొయ్యి గట్టు మీద ఆనించి పెట్టండి. ముందు ఫిడేలు వినిపిస్తుంది.

నమస్కారం.