బాలి వెళ్తున్నారా? వీసాలో రోజులు ఎలా లెక్కపెట్టాలో ముందు చూడండి

నమస్కారమండి. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. పెళ్లయ్యాక బాలి వెళ్తామంటున్న జంటలు మా చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అందరికీ పనికొస్తుందని ఈ వీడియో చేస్తున్నాను.

ముందు నా పాస్‌పోర్టులో ఈ ముద్ర చూడండి. 2023 జనవరి 10. మాది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. బాలిలో కొబ్బరి నూనె ఎలా తీస్తారో చూసినట్టూ ఉంటుంది, మా ఆవిడని నాలుగు రోజులు తిప్పినట్టూ ఉంటుందని ఇద్దరం బయలుదేరాం. విమానం దిగాక అక్కడే వీసా తీసుకున్నాం. 30 రోజులు ఇచ్చారు. తిరుగు టికెట్టు ఫిబ్రవరి 9కి తీశాను. 10 నుంచి 9 దాకా అంటే సరిగ్గా నెల కదా అనుకున్నాను.

అక్కడి లెక్క అది కాదండి. మీరు దిగిన రోజే ఒకటో రోజు. రాత్రి పదకొండింటికి దిగినా సరే, ఆ రోజు లెక్కలోకి వచ్చేస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టండి. జనవరి 10 ఒకటి. జనవరి 31కి 22 అయ్యాయి. ఫిబ్రవరి 8కి 30 నిండాయి. 9న నేను కౌంటరు దగ్గర నిలబడేసరికి ఒక రోజు ఎక్కువైంది. మనిషికి రోజుకి ఇండోనేషియా డబ్బులో 10 లక్షల రుపయాలు జరిమానా. వాళ్ల రుపయా చాలా చిన్నది కాబట్టి మన డబ్బులో అది ఐదు వేల పైచిలుకు. ఇద్దరికీ కట్టాం. డబ్బు పోయిందన్న బాధ కన్నా, విమానం టైమైపోతుంటే పక్కకి పిలిచి కూర్చోబెట్టినప్పుడు మా ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడటం నాకు ఇప్పటికీ గుర్తు. ఆ టెన్షన్ మీకు వద్దు.

ఇప్పుడు ముద్ర కూడా లేకుండా ఆటోగేటులోంచి వెళ్లిపోతున్నారు. గేటు తెరుచుకుంటుంది, బయటికి వచ్చేస్తారు, మీకు తేదీ చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే దిగిన రోజే క్యాలెండరులో 30వ రోజు ఏదో గుర్తు పెట్టుకోండి. ఇంకో సంగతి. అర్ధరాత్రి దాటాక బయలుదేరే ఫ్లైటు అయితే టికెట్టు మీద తేదీ మారిపోతుంది. ఒకటి రెండు రోజులు మిగిలేలాగే టికెట్టు తీయండి. ఒకటి రెండు రోజులు దాటితే జరిమానాతో పోతుంది. గడువు అయిపోయాక 60 రోజులు దాటితే పట్టుకుని వెనక్కి పంపిస్తారు, మళ్లీ రానివ్వకుండా నిషేధం కూడా పెడతారు.

సరే, వీసాల సంగతికి వద్దాం. మన భారతీయ పాస్‌పోర్టుకి బాలిలో దిగాక వీసా ఇస్తారు. ఫీజు 5 లక్షల రుపయాలు. అదే ఇంటి దగ్గర నుంచి ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఈ-వీఓఏ అంటారు. నేను అదే తీసుకోమంటాను, క్యూ తప్పుతుంది. ఆ వీసా చేతికొచ్చిన 90 రోజుల్లోపు అక్కడికి చేరుకోవాలి. ఈ వీసాని ఒక్కసారి మాత్రమే, ఇంకో 30 రోజులు పొడిగిస్తారు. దానికీ అంతే ఫీజు. మొత్తం 60 రోజులు, అంతకు మించి ఒక్క పూట కూడా లేదు. పొడిగింపుకి 2025 నుంచి మనమే ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి ఫొటో దిగాలి. దెన్‌పసార్‌లో, విమానాశ్రయం వైపు జింబరాన్‌లో, ఉత్తరాన సింగరాజలో ఆఫీసులున్నాయి. గడువుకి రెండు వారాల ముందే మొదలుపెట్టండి. ఆఖరి వారంలో పరుగెత్తకండి.

ముందే ఎక్కువ రోజులు ఉండాలనుకుంటే సీ1 అనే టూరిస్టు వీసా ఉంది. ఇక్కడి నుంచే అప్లై చేయాలి. 60 రోజులు ఇస్తారు, అక్కడే పొడిగించుకుంటూ 180 రోజుల దాకా ఉండొచ్చు.

హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో పనిచేస్తూ ఇంటి నుంచే లాగిన్ అయ్యే పిల్లలు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ‘అన్నా, ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడ ఏడాది ఉండొచ్చా’ అని అడుగుతున్నారు. దానికి ఈ33జీ అని వేరే వీసా ఉంది. ఏడాదికి ఇస్తారు. కానీ మీ కంపెనీ ఇండోనేషియా బయటది అయి ఉండాలి, సంవత్సరానికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. అంత జీతం లేకపోతే టూరిస్టు వీసా మీద వెళ్లి పని చేసేద్దాం అనుకోవద్దు. వీసా కాగితం మీద ఏ పనికి అని రాసి ఉందో ఆ పనికే అనుమతి.

ఇక ఫారం నింపేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది పేరు దగ్గర. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. టికెట్టులో ఒకలా, వీసాలో ఒకలా పడిపోతుంది. పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకోండి. సర్‌నేమ్ అన్న చోట ఏ అక్షరాలున్నాయో అవే కొట్టండి. ఇంటిపేరుకి ఒక్క అక్షరం మాత్రమే రాసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

పాస్‌పోర్టు మీరు అక్కడ దిగే రోజుకి కనీసం ఆరు నెలలు చెల్లాలి. అంతేకాదు, అది శుభ్రంగా ఉండాలి. ఇది లంక గ్రామాల వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. వరద వచ్చిన ఏడాది ట్రంకుపెట్టెలో పెట్టిన కాగితాలన్నీ చెమ్మ పట్టేస్తాయి. పేజీ ఉబ్బినా, చిరిగినా, ఫొటో మీద మరక పడినా బాలిలో వెనక్కి పంపేస్తారు. అలాంటిది ఉంటే ఇప్పుడే కొత్త దానికి అప్లై చేయండి. మనకి భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది.

అసలు వీసా సైటుకి పోలిన సైట్లు గూగుల్‌లో ముందు కనిపిస్తాయి, అవి అదనంగా డబ్బు లాగుతాయి. అడ్రసు చివర డాట్ గో డాట్ ఐడీ అని ఉందో లేదో చూడండి. అది ఇండోనేషియా ప్రభుత్వానిది. వీసా కాకుండా బాలికి విడిగా 1,50,000 రుపయాల పర్యాటక రుసుము ఉంది, 2024 ఫిబ్రవరి 14 నుంచి వసూలు చేస్తున్నారు. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆల్ ఇండోనేషియా అనే ఆన్‌లైన్ ఫారం కూడా నింపి క్యూఆర్ కోడ్ ఫోన్లో దాచుకోండి. తిరుగు టికెట్టు కాగితం మీద ఒక కాపీ ఉంచుకోండి.

బాలి కాకుండా మాల్దీవులు అనుకుంటే అక్కడ దిగాక వీసా ఉచితం. ముందు ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, అంతే. మారిషస్‌కీ టూరిస్టుగా వెళ్లొచ్చు. ల్యాప్‌టాప్ ఉద్యోగులకి అక్కడ ప్రీమియం వీసా ఉంది. నెలకి 1,500 డాలర్ల ఆదాయం చూపిస్తే ఏడాది ఉండొచ్చు. బాలి లెక్కతో పోలిస్తే ఇది మనవాళ్లకి అందేదే.

మారిషస్ పేరెత్తితే నాకు కాకినాడ దగ్గరి మన కోరంగి గుర్తొస్తుంది. ఇప్పుడు మడ అడవులు చూడటానికి వెళ్తున్నాం కానీ, ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు. 1834 తర్వాత మారిషస్ చెరుకు తోటల్లో కూలికి మనుషుల్ని ఓడలెక్కించారు. మన తీరం నుంచి వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు. ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసిన చాలామందికి అందులో ఏం రాసి ఉందో చదివి చెప్పేవాళ్లు లేరు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా పిన్నిగారి అబ్బాయికి పోయినేడు ఒక ఏజెంటు బాలి రిసార్టులో ఉద్యోగం అన్నాడు. ‘విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడ మార్చేస్తారు’ అన్నాడు. లక్షన్నర అడిగాడు. వాడు నా దగ్గరికొచ్చి కాగితం చూపిస్తే బీ1 అని ఉంది. అంటే దిగాక ఇచ్చే టూరిస్టు వీసాయే. దాని మీద ఒక్క రూపాయి జీతం తీసుకున్నా పట్టుబడేది వాడే, ఏజెంటు కాదు. వాడు పదో తరగతి పాసవలేదు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని, అంటే వలస తనిఖీ అవసరం అని ఉంది. అలాంటి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లాలంటే 18 దేశాలకి మన ప్రభుత్వం అనుమతి కావాలి. గల్ఫ్ దేశాలకే అనుకుంటారు, ఆ జాబితాలో ఇండోనేషియా, థాయ్‌లాండ్ కూడా ఉన్నాయండి. చూడటానికి వెళ్తే ఆ అనుమతి అక్కర్లేదు.

మీ ఇంట్లో కూడా ఎవరికైనా ఇలాంటి మాట వచ్చి ఉంటే, డబ్బు ఇవ్వకముందే ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉందో లేదో మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూడండి. వీసా కాగితం ఫొటో తీయించుకుని, పైన ఏ అక్షరం, ఏ అంకె ఉన్నాయో చదవండి. చదవడం రాకపోతే అమలాపురంలో మా కొట్టుకి రండి. కూర్చుని ఇద్దరం కలిసి చదువుదాం.