ఒక్క ఐబార్ తెగితే: సిల్వర్ బ్రిడ్జి కథ

హోస్ట్: నమస్కారం మాస్టారూ. ఉక్కు వంతెనల గురించి మాట్లాడదామంటే మీరు నేరుగా కూలిపోయిన వంతెన పట్టుకొచ్చారేంటి?

ఇంజినీర్: నిలబడ్డ వంతెన తన లోపం చెప్పదమ్మా. అందుకే. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, పాయింట్ ప్లెజెంట్ అని చిన్న ఊరు. ఒహాయో నది దాటితే అవతల ఒహాయో రాష్ట్రం. రెండు ఒడ్లనీ కలుపుతూ 1928లో ఈ హైవే బ్రిడ్జి తెరిచారు. మొత్తం 680 మీటర్ల పొడవు, నడిమి స్పాన్, అంటే రెండు టవర్ల మధ్య దూరం, 213 మీటర్లు. అల్యూమినియం పెయింట్ కొట్టారు కాబట్టి సిల్వర్ బ్రిడ్జి అన్నారు.

హోస్ట్: వేలాడే వంతెనే కదా, కేబుళ్ల మీద?

ఇంజినీర్: మొదట అనుకున్నది తీగల కేబుళ్లే. ఐబార్ల గొలుసైతే చవకలో అయిపోతుందని అటు మొగ్గారు. సైకిల్ చైన్ చూశారుగా, అదే పద్ధతి, కాకపోతే రాక్షస సైజు. ఒక్కో ఐబార్ సుమారు 15 మీటర్ల ఉక్కు పట్టీ, 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. రెండు చివర్లా గుండ్రటి రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి లావుపాటి పిన్ను దూర్చి పట్టీకి పట్టీ కలుపుతారు.

హోస్ట్: ఒక్కో లింకుకి ఎన్ని పట్టీలు?

ఇంజినీర్: అదీ అసలు ప్రశ్న! పాతకాలపు వంతెనల్లో నాలుగు, ఆరు పక్కపక్కన పెట్టేవారు. ఇక్కడ రెండే. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన, అంటే కాల్చి చల్లార్చి బలం పెంచిన గట్టి ఉక్కు దొరికింది కదా, రెండు చాలన్నారు. లెక్క ప్రకారం చాలు కూడా. కానీ ఆ గట్టి ఉక్కుకి పెళుసుదనం ఎక్కువ. పగులు మొదలైతే సాగి ఆగదు, టప్పున తెగుతుంది.

హోస్ట్: తెగింది.

ఇంజినీర్: 1967 డిసెంబర్ 15, సాయంత్రం అయిదు గంటలప్పుడు. క్రిస్మస్ షాపింగ్ రద్దీ, వంతెన మీద కార్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒహాయో వైపు 330వ నంబర్ ఐబార్ రంధ్రం దగ్గర తెగింది. భారమంతా జంట పట్టీ మీద పడింది, పిన్ను వంకరపోయి అదీ జారిపోయింది. టవర్లు కూడా కింద రాకర్ల మీద, అంటే అటూ ఇటూ ఊగే ఆధారాల మీద నిలబెట్టినవి, గొలుసు బిగింపు పోయాక అవి నిలబడలేవు. దాదాపు నిమిషంలో మొత్తం నదిలో. 46 మంది చనిపోయారు. ఇద్దరి శవాలు దొరకనే లేదు.

హోస్ట్: అయ్యో... ఈ ఊళ్లోనే కదా మాత్‌మ్యాన్ కథ పుట్టింది?

ఇంజినీర్: అవును, రెక్కల మనిషి కనబడ్డాడు, అందుకే కూలిందని చెప్పుకుంటారు. ఊళ్లో దానికి విగ్రహం కూడా ఉంది. నాకు మాత్రం 330వ నంబర్ ఐబారే ఎక్కువ భయం వేస్తుంది. నదిలోంచి తీసిన ముక్కల్ని పొలంలో వరసగా పేర్చి చూస్తే, రంధ్రం లోపలి అంచున సుమారు 3 మిల్లీమీటర్ల పగులు బయటపడింది. పిన్నుకీ పట్టీకీ మధ్య సందులో నీళ్లు చేరి తుప్పు, పైన ఎప్పుడూ ఉండే లాగుడు, రెండూ కలిసి నలభై ఏళ్లు నమిలాయి. అక్కడికి పెయింట్ బ్రష్ పోదు, కన్నూ పోదు. జాయింట్ విప్పితే తప్ప కనపడదు.

హోస్ట్: బండ్ల బరువు పెరగడం వల్ల కాదా?

ఇంజినీర్: వంతెన కట్టే రోజుల్లో ఫోర్డ్ మోడల్ టి కారు బరువు సుమారు 700 కిలోలు. 1967కి కార్లే రెండింతలు దాటాయి, లారీల సంగతి చెప్పక్కర్లేదు. అది పగులుకి తోడ్పడి ఉండొచ్చు. కానీ అంత బరువుకీ పడిపోని వంతెనలు బోలెడున్నాయి. ఇక్కడ రెండింట్లో ఒకటి పోతే మిగిలిన ఒక్కటీ ఆదుకోలేదు. ఆ తర్వాతే అమెరికాలో వంతెనల తనిఖీకి దేశమంతటికీ ఒకే నిబంధనలు వచ్చాయి, మామూలుగా రెండేళ్లకోసారి చూడాలని.

హోస్ట్: ఇదే డిజైన్ ఇంకెక్కడైనా ఉందా?

ఇంజినీర్: అదే నది మీద ఎగువన సెయింట్ మేరీస్‌లో దీనికి కవల వంతెన ఉండేది. వెంటనే మూసేసి, 1971లో పడగొట్టారు. బ్రెజిల్‌లో ఫ్లొరియానోపోలిస్ దగ్గర హెర్సిలియో లూజ్ వంతెనది దాదాపు ఇదే కుటుంబం, 1926 నాటిది. అక్కడా 1982లో ఓ ఐబార్‌లో పగులు దొరికింది. వంతెన మూశారు గానీ పడిపోలేదు. మరమ్మతు చేసి 2019 చివర్లో మళ్లీ తెరిచారు.

హోస్ట్: అక్కడ లింకుకి ఎన్ని?

ఇంజినీర్: నాలుగు.