పారేసిన చిన్న ప్యాకెట్

అందరికీ నమస్కారం.

పరిణామం అనగానే డైనోసార్లు, కోట్ల ఏళ్లు గుర్తొస్తాయి మనకు. పత్తి చేలో అది మన కళ్ల ముందే జరిగింది. 2002లో దేశంలో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తికి, అనుమతి వచ్చింది. 2006లో అలాంటి జన్యువులు రెండున్న రకం వచ్చింది. 2010 కల్లా గుజరాత్‌లో పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు మొదటి రకాన్ని తట్టుకుంటోందని బయటపడింది. మరో ఐదారేళ్లకు రెండోదీ పనిచేయడం మానేసింది. తర్వాత మన చేలల్లోనూ విచ్చుకోని గుడ్డి పూలు, పుచ్చు కాయలే.

'పురుగు మందుకు అలవాటు పడింది' అంటుంటాం. ఏ పురుగూ అలవాటు పడలేదండీ. తట్టుకునే గుణం ఏ కొద్ది పురుగులకో ముందే ఉంది. మిగతావి చచ్చాయి, ఆ కొద్దివి బతికి గుడ్లు పెట్టాయి. అంతే.

బీటీ సంచిలో 450 గ్రాముల గింజలతో పాటు 120 గ్రాముల నాన్‌ బీటీ ప్యాకెట్ ఒకటి ఉండేది, గుర్తుందా? చేను చుట్టూ వేయమనేవారు. చాలామంది పారేశారు. పురుగును మేపడానికి చోటు ఎవరిస్తారు? కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. బీటీకి చచ్చే రకం పురుగులు ఆ మొక్కల మీద బతికి, తట్టుకునే వాటితో జత కట్టాలి. ఆ గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పని చేస్తుంది కాబట్టి, వాటి పిల్లలు బీటీ కాయ తింటే చస్తాయి.

అమెరికాలోని అరిజోనా రైతులు నాన్‌ బీటీ వేశారు. 2006 నుంచి, జత కట్టినా పిల్లలు పుట్టకుండా గొడ్డుగా మార్చిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి కోట్ల సంఖ్యలో వదిలారు. 2018లో అమెరికా పత్తి పండే ప్రాంతాల్లో ఈ పురుగు లేదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

అలాగని మన రైతును తప్పు పట్టలేను. రెండెకరాలవాడిని ఐదో వంతు పురుగుకు వదలమనడం కాగితం మీద తేలిక. ఆ ప్యాకెట్‌లో గింజలు సరిగా మొలవలేదన్న ఫిర్యాదులూ ఉన్నాయి.

ఈ పురుగుకు పత్తే ప్రధాన ఆహారం. అందుకే డిసెంబరు తర్వాత చేను ఉంచకుండా కట్టె పీకేస్తే దానికి తిండి ఉండదు. ఉగాది దాకా ఏరుతుంటే రెండు మూడు తరాలు అదనంగా పుడతాయి. ఇంకో చోటు మనం మర్చిపోతాం: పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లు. పత్తి గింజల్లో దాక్కున్న పురుగు అక్కడి నుంచే రెక్కలతో బయటికొచ్చి పక్క చేలకు వెళ్తుంది. ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ముందు కట్టాల్సింది ఆ గోడల దగ్గర.